నాన్సీకి వాళ్ళమ్మ గుర్తుందా? పిల్లల డిటెక్టివ్ సిరీస్‌లు నడిపేవారికి బహిరంగ లేఖ

పిల్లల కోసం డిటెక్టివ్ కథల సిరీస్‌లు నడుపుతున్న ప్రచురణకర్తలకు, సంపాదకులకు, వేరే పేరుతో ఆ కథలు రాసిపెడుతున్న రచయితలకు,

నమస్కారం.

ఈ లేఖ కంటే ముందు రెండు ఈమెయిళ్ళు, ఒక పోస్టు ఉత్తరం పంపాను. ఒక మెయిల్‌కి మాత్రం మెషిన్ పంపే జవాబు వచ్చింది, "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని. ఆ తర్వాత ఏడాది పైగా ఎదురుచూశాను. ఇంకేమీ రాలేదు కాబట్టి నలుగురికీ కనబడేలా రాస్తున్నాను. ఏ సంస్థకి పంపానో పేరు చెప్పను. నేను చెప్పబోయే పద్ధతి ఒక్కరిది కాదు, ఒక్క తరం సంపాదకులదీ కాదు.

ముందు మీ పుస్తకాల వల్ల నాకు జరిగిన మేలు చెప్తాను, ఎందుకంటే అది తెలియకపోతే నా బాధ ఏంటో మీకు అర్థం కాదు.

నేను ఏడో తరగతి వరకు తెలుగు మీడియం. ఎనిమిదిలో నాన్న ఇంగ్లీషు మీడియంలో వేశారు. పాఠం అర్థంకాక బిక్కమొహం వేసుకుని కూర్చునేదాన్ని, టీచర్ ప్రశ్న అడుగుతుందేమోనని ప్రతి పీరియడూ టెన్షన్. ఆ ఎండాకాలం మా బాబాయి విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల నుంచి నాలుగు నాన్సీ డ్రూ పుస్తకాలు, అంటే అమెరికాలో నాన్సీ అనే అమ్మాయి డిటెక్టివ్ కథలు, తెచ్చిపెట్టాడు. పక్కన డిక్షనరీ పెట్టుకుని మొదటిది చదవడానికి నెల పట్టింది. రెండోది పది రోజులు. నాలుగోది ఒక్క ఆదివారంలో అయిపోయింది. అంత తేడా ఎందుకు వచ్చిందో అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలుసు. రెండో పుస్తకం తెరిచేసరికి ఆ ఇల్లు నాకు తెలిసిన ఇల్లు. లాయరు నాన్న కార్సన్ డ్రూ తెలుసు, ఇంటిని కనిపెట్టుకుని ఉండే హన్నా తెలుసు, ఆ నీలం కారు తెలుసు, నాన్సీ స్నేహితురాళ్ళు, భయపడుతూనే వెంట వచ్చే బెస్, దేనికీ జంకని జార్జ్ తెలుసు. తెలియని మాట వచ్చినా అంటున్నది తెలిసిన మనిషి కాబట్టి ఏమని ఉంటుందో ఊహించగలిగేదాన్ని. నాకు ఇంగ్లీషు నేర్పింది గ్రామర్ పుస్తకం కాదు, ఆ ముగ్గురు అమ్మాయిల మీద నాకున్న ప్రేమ. ఇది పొగడ్త కాదు, జరిగిన విషయం.

మా అమ్మాయికి పదేళ్ళు నిండాక అదే ప్రేమ దానికీ అందించాలనుకున్నాను. మేము ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటాం. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఏరాను. కొన్ని కొత్తవి కొన్నాను. అమెరికాలో ఉన్న మా వదిన సంక్రాంతికి వస్తూ మరికొన్ని తెచ్చింది. మొత్తం ముప్ఫై పైన పోగయ్యాయి. అది మొదట్లో నాలాగే అతుక్కుపోయి చదివింది. ఎనిమిదో పుస్తకమో తొమ్మిదో పుస్తకమో చదువుతూ ఒకరోజు వంటింట్లోకి వచ్చి అడిగింది, "అమ్మా, నాన్సీకి వాళ్ళమ్మ గుర్తుందా, లేదా?" అని.

నాకు జవాబు తెలియలేదు. ఒక పుస్తకంలో తల్లి చనిపోయేనాటికి నాన్సీకి పదేళ్ళు. ఇంకోదానిలో మూడేళ్ళు. అచ్చు తప్పేమో అన్నాను. కాదని తర్వాత తెలిసింది. మా అమ్మాయి ఇంకో పది చదివి ఆపేసింది. ఆపేసే ముందు చివరి అధ్యాయం మొదట చదవడం మొదలుపెట్టింది, దొంగ ఎవరో చూసి పుస్తకం పక్కన పడేసేది. నాన్సీని నేలమాళిగలో బంధించినా, పడవ మునిగినా దానికి గుండె దడ రావడం మానేసింది. ప్రేమ పోవడం అంటే ఏమిటో నేను మా ఇంట్లో అలా కళ్ళారా చూశాను. కోపంగా ఏమీ అనలేదు అది. "ఆమె ఎవరో నాకు తెలీడం లేదమ్మా" అంది, అంతే.

ఎందుకిలా అయ్యిందో వెతుక్కుంటూ పోతే తేలినవి ఇవీ.

1. తల్లి జ్ఞాపకాన్ని తీసేశారు. నాన్సీ డ్రూ మొదటి మూడు పుస్తకాలు 1930 ఏప్రిల్ 28న వచ్చాయి. అప్పటి నాన్సీకి పదహారేళ్ళు. పదేళ్ళప్పుడు తల్లి పోయింది, అప్పటినుంచి ఇంటి బాధ్యత తనే చూసుకుంటోంది. హన్నా జీతానికి పనిచేసే మనిషి, ఆమెకు పనులు చెప్పేది ఈ పిల్లే. 1959లో పాత పుస్తకాలు తిరగరాయడం మొదలుపెట్టినప్పుడు నాన్సీ వయసు పద్దెనిమిది చేశారు, తల్లి పోయిన వయసు మూడు చేశారు, హన్నాని పెంచిన తల్లిలాంటి మనిషిగా మార్చారు. చూడ్డానికి చిన్న మార్పు. పదేళ్ళ పిల్లకి తల్లి గొంతు గుర్తుంటుంది, చీపురు ఎక్కడ పెట్టేదో గుర్తుంటుంది, ఎలా పోయిందో గుర్తుంటుంది. మూడేళ్ళ పిల్లకి ఫొటో తప్ప ఏమీ ఉండదు. 1930 నాన్సీ ఎందుకంత త్వరగా పెద్దదైపోయిందో, పోలీసులతో, పెద్దవాళ్ళతో ఎందుకంత నిబ్బరంగా మాట్లాడుతుందో, ఆస్తి పోగొట్టుకున్న ముసలమ్మల కోసం, దిక్కులేని పిల్లల కోసం ఎందుకంత తాపత్రయపడుతుందో ఆ ఒక్క వాక్యంలో ఉంది. ఆ వాక్యం మార్చాక తెలివీ ధైర్యమూ మిగిలాయి, అవి ఎక్కడినుంచి వచ్చాయో మిగల్లేదు. మీలో ఎవరైనా చిన్నప్పుడు తల్లిని పోగొట్టుకుని ఉంటే నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. మా క్లాసులో అలాంటి అమ్మాయి ఒకతి ఉండేది. నా పుస్తకాలు నాకంటే ఎక్కువసార్లు అదే చదివింది.

2. అట్ట మీద పేరు అదే, లోపల కథ వేరు. 1959 నుంచి 1977 వరకు మొదటి 34 పుస్తకాలు తిరగరాశారు. 25 అధ్యాయాల పుస్తకాలు 20 అధ్యాయాలు అయ్యాయి. కొన్నిటిని కుదించారు, కొన్నిటికి కథే మార్చేశారు. 18వ పుస్తకం, నాచుపట్టిన భవంతి రహస్యం, 1941లో వచ్చింది. 1971లో అదే పేరుతో, అదే నంబరుతో వచ్చిన పుస్తకంలో కథ ఫ్లారిడాకి, రాకెట్లు ఎగరేసే కేంద్రం దగ్గరికి వెళ్ళిపోయింది. వదిన తెచ్చిన పాత కాపీ, ఆబిడ్స్‌లో నేను కొన్న కాపీ పక్కపక్కన పెట్టుకుని చదివితే తప్ప ఈ సంగతి నాకు తెలిసేది కాదు. పైగా మన దగ్గర ఫుట్‌పాత్‌ల మీద దొరికేవాటిలో బ్రిటన్ పేపర్‌బ్యాక్‌లు చాలా, వాటి వరస నంబర్లే వేరు. ఇక పిల్లలు ఏది ముందో ఏది తర్వాతో ఎలా పోల్చుకుంటారు?

తిరగరాయడానికి బలమైన కారణం ఉంది, అది కూడా చెప్పాలి. పాత పుస్తకాల్లో నల్లజాతి వాళ్ళని, వలస వచ్చిన వాళ్ళని చూపించిన తీరు సిగ్గుచేటు. మొదటి పుస్తకంలోనే జెఫ్ టక్కర్ అనే నల్లజాతి కాపలాదారు ఉంటాడు, తాగిన మత్తులో దొంగల చేతిలో మోసపోతాడు, అతని మాట తీరుని నవ్వులాటగా రాశారు. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే మన సినిమాల్లో, నవలల్లో కూడా ఫలానా కులంవాళ్ళని, ఫలానా ఊరి యాసని నవ్వులాటకి వాడుకోవడం చూస్తూ పెరిగినవాళ్ళం. అయితే సవరణలో ఏం చేశారు? ఆ మనిషికి గౌరవం ఇచ్చి రాయలేదు. అసలు నల్లజాతి మనిషే కాకుండా చేసేశారు. తప్పు దిద్దాల్సిన చోట మనుషుల్నే ఖాళీ చేశారు, ఆ సంగతి పాఠకుడికి ఒక్క ముక్క చెప్పలేదు. నా కూతురికి పాత పుస్తకం ఇచ్చి, ఇది తప్పు, ఆ రోజుల్లో ఇలా రాసేవారు అని కూర్చోబెట్టి చెప్పుకోగలను. కనబడకుండా చెరిపేస్తే చెప్పడానికి ఏముంటుంది?

3. ఒకే సమయంలో రెండు జీవితాలు నడిపించారు. నెడ్ నికర్సన్ 1932లో, ఏడో పుస్తకంలో వచ్చాడు. అప్పటినుంచి నాన్సీ స్నేహితుడు అతనే. 1986లో కాస్త పెద్ద పిల్లల కోసం ఇంకో వరస మొదలుపెట్టారు, ప్రేమలు, హత్యలు ఎక్కువ. 1995లో నాన్సీని కాలేజీకి పంపించే మూడో వరస వచ్చింది, అందులో నెడ్‌తో విడిపోయింది. అది పాతిక పుస్తకాలు నడిచి 1998లో ఆగిపోయింది. అదే ఏళ్ళలో పాత వరస 2003 దాకా నడుస్తూనే ఉంది, అందులో ఇద్దరూ కలిసే ఉన్నారు, ఏమీ జరగనట్టే. షాపులో ఒకే అరలో ఈ పుస్తకంలో విడిపోయారు, పక్క పుస్తకంలో కలిసి పిక్నిక్‌కి వెళ్తున్నారు. 2004లో నాన్సీ తన కథ తనే చెప్పుకునే మరో వరస. 2013లో ఇంకోటి.

అన్నదమ్ముల డిటెక్టివ్ సిరీస్ హార్డీ బాయ్స్‌లో ఇంతకంటే ఘోరం. 1987లో మొదలైన వరసలో మొదటి పుస్తకంలోనే తమ్ముడు జో ప్రేమించిన అయోలా కారు బాంబుకి బలైపోతుంది. జో బాధ చూసి కన్నీళ్ళు పెట్టుకున్న పిల్లలు ప్రపంచమంతా ఉన్నారు, మా పెద్దనాన్న కొడుకు కూడా ఒకడు. ఆ తర్వాత వాడు అద్దె పుస్తకాల షాపుకెళ్ళి పాత వరసలో పుస్తకం తెచ్చుకుంటే అందులో అయోలా నవ్వుతూ శాండ్‌విచ్‌లు సర్దుతోంది. వాడు మళ్ళీ ఆ సిరీస్ ముట్టుకోలేదు. చావుని కూడా నమ్మనివ్వకపోతే ఇక ఆ పిల్లాడు దేన్ని నమ్మాలి?

4. రాసినవాళ్ళని దాచారు. నాన్సీ పుస్తకాల అట్ట మీద పేరున్న కరోలిన్ కీన్ అనే రచయిత్రి నిజానికి లేదు. ఎడ్వర్డ్ స్ట్రాటెమేయర్ అనే ఆయన కథల సంస్థ పెట్టి, తను కథాంశం రాసి, రచయితలకు ఇచ్చి, ఒక్కో పుస్తకానికి ఇంతని డబ్బిచ్చి హక్కులన్నీ రాయించుకునేవాడు. నాన్సీ పుట్టిన రెండు వారాలలోపే ఆయన పోయాడు, కూతుళ్ళు సంస్థ నడిపారు. మొదటి 30 పుస్తకాల్లో 23 రాసింది అయోవా రాష్ట్రంలో పుట్టిన మిల్డ్రెడ్ విర్ట్ బెన్సన్. పుస్తకానికి 125 డాలర్లు, రాయల్టీ లేదు, తనే రాశానని చెప్పుకునే వీల్లేదు. మాంద్యం రోజుల్లో ఆ డబ్బు 75కి తగ్గించారు. 8, 9, 10 పుస్తకాలు వేరే ఆయన రాశారు. చదివేవాళ్ళకి మాత్రం అట్ట మీద అదే పేరు. 1980లో ప్రచురణకర్తల మధ్య కోర్టు కేసు నడిచి ఆమె సాక్ష్యం చెప్పే దాకా ఆమె ఎవరో లోకానికి సరిగ్గా తెలియదు. అంటే యాభై ఏళ్ళు. ఆమె విమానం నడపడం నేర్చుకుంది, టొలీడోలో పత్రికా విలేకరిగా దశాబ్దాలు పనిచేసింది, 2002లో 96 ఏళ్ళ వయసులో పోయేదాకా రాస్తూనే ఉంది. నాన్సీ ధైర్యం ఎవరిదో ఇంకా వేరే చెప్పాలా? మా అమ్మాయికి ఈమె కథ చెప్తే నోరు తెరుచుకుని విన్నది. "ఈమె గురించి పుస్తకంలో ఎక్కడా లేదేం?" అంది.

ఘోస్ట్ రైటర్ల సంగతి మన తెలుగువాళ్ళకి కొత్త కాదు. మన డిటెక్టివ్ నవలల లోకంలోనూ ఎవరో రాస్తే ఎవరి పేరో పడిన కథలు పెద్దవాళ్ళు చెప్తుండగా విన్నాం. అందుకే ఈ విషయం నన్ను ఎక్కువ గుచ్చుకుంది.

5. బెస్‌ని తిండిపోతుగా, లావుగా చూపించి దశాబ్దాల తరబడి నవ్వించారు. పన్నెండేళ్ళ ఆడపిల్లలు చదివే పుస్తకంలో. దీని గురించి ఇంతకంటే వివరించక్కర్లేదు.

ఇక్కడ మీరు ఒక ప్రశ్న వేస్తారని తెలుసు. కాలం మారితే పాత్రలు మారకూడదా, 1930 పిల్లని 1930లోనే ఉంచాలా అని. నేను అది అడగడం లేదు. 2004 వరసలో బెస్ కార్లు బాగుచేసే మెకానిక్ అయ్యింది, నాకు చాలా నచ్చింది. కారు రోడ్‌స్టర్ నుంచి కన్వర్టిబుల్ అయ్యింది, తర్వాత హైబ్రిడ్ అయ్యింది, ఏం పర్వాలేదు. జుట్టు బంగారు రంగు నుంచి ఎర్రబారింది, దానికెవరూ ఏడవలేదు.

పాత్ర వయసు పెరగకపోయినా ఇబ్బంది లేదు. మా అబ్బాయి జపాన్ డిటెక్టివ్ కోనన్ కథలు చూస్తాడు. 1994లో మొదలైన కథ, ఆ హైస్కూల్ డిటెక్టివ్ చిన్నపిల్లాడిగా మారిపోయి ఇన్నేళ్ళయినా ఇంకా ఒకటో తరగతే. సంపుటాలు వంద దాటాయి, టీవీలో వెయ్యి ఎపిసోడ్లు దాటాయి. అయినా వాడి ప్రేమ పోలేదు, ఎందుకంటే మధ్యలో వచ్చి చేరిన హైబారా అనే అమ్మాయి తర్వాత కూడా హైబారాయే, ఆమె ఎవరి నుంచి పారిపోయి వచ్చిందో ఆమెకీ తెలుసు, కోనన్‌కీ తెలుసు, మా వాడికీ తెలుసు. ఎవరూ దాన్ని చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టలేదు. మన దేశంలోనే సత్యజిత్ రాయ్ రాసిన బెంగాలీ డిటెక్టివ్ ఫెలూదాని చూడండి. 1965లో సందేశ్ పత్రికలో మొదలై 1992లో ఆయన పోయేదాకా రాసింది ఆయనొక్కడే. కథ చెప్పేది తమ్ముడు తోప్షే, ముందు జరిగిన కేసులు వాడికి గుర్తుంటాయి, మధ్యలో వచ్చి చేరిన స్నేహితుడు జటాయు చివరిదాకా జటాయే. బెంగాలీ ఇళ్ళలో మూడు తరాలు ఆ ముగ్గురినీ సొంత మనుషుల్లా తలుచుకుంటారు. మా నాన్న తరం కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌నీ అసిస్టెంట్ రాజునీ ఎలా తలుచుకునేవారో అలా.

మారడం వేరు, ఏమీ జరగనట్టు మళ్ళీ మొదలుపెట్టడం వేరు. రెండోది చేసినప్పుడు పాఠకుడు అప్పటిదాకా ఆ పాత్ర కోసం పడిన ఆదుర్దా అంతా లెక్కలో లేకుండా పోతుంది. పెద్దవాళ్ళం సర్దుకుంటాం, అది వ్యాపారం అని తెలుసు కాబట్టి. పిల్లలు సర్దుకోరు. వాళ్ళు అవతలి మనిషి నిజం అనుకునే ప్రేమిస్తారు.

మీ లెక్కల్లో ఇది అమ్మకాల సమస్యేమో. మా వైపు ఎలా పడుతుందో చెప్తాను.

ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని పిల్లలకి సిరీస్ పుస్తకం పట్టుకుని నడిచే గోడ లాంటిది. భాష కష్టంగా ఉన్నా మనిషి తెలిసినదైతే పిల్ల ముందుకు పోతుంది, నేను అలాగే పోయాను. పుస్తకం మారినప్పుడల్లా మనిషీ మారిపోతుంటే ఆ పిల్ల ప్రతిసారీ కొత్తగా తడుముకోవాలి, నాలుగోసారికి విసిగిపోతుంది. అమెరికాలో పుట్టి ఇంగ్లీషే మాతృభాష అయిన పిల్లకి ఇది చిన్న చికాకు. గుంటూరులోనో, కరీంనగర్‌లోనో తెలుగు మీడియం నుంచి మారిన పిల్లకి చదవడమే మానేయడానికి కారణం అవుతుంది. ఈ ఏడాది మా వీధిలో ముగ్గురు పిల్లలకి మా పుస్తకాలు అరువిచ్చాను. ముగ్గురూ మూడు వేర్వేరు నాన్సీలను చదివి ఒకరితో ఒకరు మాట్లాడుకోలేకపోయారు. పుస్తకం గురించి పోట్లాడుకోవడం కూడా చదవడంలో భాగమే కదా, అది కూడా కుదరలేదు.

తర్వాత డబ్బు. మధ్యతరగతి ఇంట్లో ఇంగ్లీషు పుస్తకం కొనడం అంటే నెల ఖర్చుల్లో లెక్క చూసుకుని కొనడం. ఒకే పేరుతో రెండు కథలున్నాయని అట్ట మీద రాయకపోతే, ఉన్న పుస్తకమే మళ్ళీ కొన్నామేమో అనుకుని కొందరు వదిలేస్తారు, వేరే అనుకుని కొందరు కొంటారు. నేను రెండు రకాలుగానూ మోసపోయాను. స్కూలు లైబ్రరీ టీచర్లకి ఇంకా కష్టం. సిరీస్ వరసగా సర్దమని పిల్లలు అడుగుతారు, ఏ వరసలో సర్దాలో పుస్తకం చెప్పదు.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. అమెరికా సుప్రీంకోర్టులో జడ్జీలైన శాండ్రా డే ఓకానర్, రూత్ బేడర్ గిన్స్‌బర్గ్, సోనియా సొటొమేయర్ ముగ్గురూ చిన్నప్పుడు నాన్సీ డ్రూ చదివామని చెప్పుకున్నవాళ్ళే. అంత పెద్దవాళ్ళ దాకా ఎందుకు, మా ఆఫీసులో నాతో పనిచేసే ఇద్దరు అదే మాట చెప్పారు. కారు తనే నడుపుకుంటూ, ఎవరి అనుమతీ అడక్కుండా, తప్పు జరిగిన చోటికి తనే వెళ్ళే ఆడపిల్లని మొదటిసారి మేము ఆ పుస్తకాల్లోనే చూశాం. సాయంత్రం ఆరు దాటితే గడప దాటనివ్వని ఇళ్ళలో కూర్చుని చూశాం. అలాంటి పిల్లని మెత్తబరిచి, చెప్పినట్టు వినే పిల్లగా చేసిన సవరణలు ఎవరికి మేలు చేశాయి?

అందుకని గౌరవంగానే, గట్టిగా అడుగుతున్నాను. నాతోపాటు మా పుస్తకాల గ్రూపులో చదివే అమ్మలు, ఇద్దరు టీచర్లు కూడా అడుగుతున్నారు.

ఒకటి, ప్రతి పుస్తకం లోపలి అట్ట మీద ఇది ఏ సంవత్సరం పాఠమో, అంటే ఏ ఏడు రాసిన రూపమో, ముందు పాఠం నుంచి మార్చారా లేదా, కథ మారిందా కుదించారా అన్నది రెండు వాక్యాల్లో అచ్చు వేయండి. దీనికి పెద్ద ఖర్చు కాదు.

రెండు, నిజంగా రాసినవాళ్ళ పేరు వేయండి. కలం పేరు అట్ట మీద ఉండనివ్వండి, అది సిరీస్ గుర్తు. లోపల మిల్డ్రెడ్ పేరు, ఆ మూడు పుస్తకాలు రాసిన వాల్టర్ కారిగ్ పేరు, హార్డీ బాయ్స్ మొదట రాసిన లెస్లీ మెక్‌ఫార్లేన్ పేరు ఉండాలి. ఇప్పుడు రాస్తున్నవాళ్ళ పేర్లు కూడా. ఇది దానం కాదు, బాకీ.

మూడు, 1930ల పాఠాలను మన దేశంలో అందుబాటు ధరలో పేపర్‌బ్యాక్‌గా తీసుకురండి. 1990లలో అమెరికాలో ఒక సంస్థ పాత పాఠాలను ఉన్నవి ఉన్నట్టు అచ్చు వేసింది, వదిన తెచ్చిన కాపీ వాటిలోదే, అంటే చేయలేని పని కాదు. వాటిలో జాతి గురించి, మనుషుల రూపం గురించి ఉన్న తప్పులను చెరపకండి, ముందుమాటలో పిల్లలకి అర్థమయ్యే భాషలో చెప్పండి. నాన్సీని జెఫ్ టక్కర్ పట్ల అన్యాయంతో సహా చూసే తెలివి పన్నెండేళ్ళ పిల్లకి ఉంటుంది.

నాలుగు, ఒక వరస మొదలుపెడితే ఆ వరసలో జరిగింది ఆ వరసలో ఉండనివ్వండి. కొత్త రచయితకి పని ఇచ్చేముందు పాత పుస్తకాలు చదివించండి. వేరే వరస అయితే అట్ట రంగు, గుర్తు పూర్తిగా వేరుగా ఉండాలి, పిల్లకి కొట్లోనే తెలియాలి. ఎవరినైనా చంపితే చనిపోయినట్టే, విడదీస్తే విడిపోయినట్టే.

ఐదు, ఇకమీదట వచ్చే పుస్తకాల్లో బెస్ తిండి మీద, ఒంటి మీద ఒక్క హాస్యం కూడా వద్దు.

ఆరోది నాకు అన్నిటికంటే ముఖ్యం. తర్వాతి వరస ఎప్పుడు మొదలుపెట్టినా నాన్సీకి తల్లి జ్ఞాపకం తిరిగి ఇవ్వండి. పదేళ్ళ వయసులో పోయిందనే ఉంచండి. పెద్ద సన్నివేశం అక్కర్లేదు, ఏడుపులు అక్కర్లేదు. ఎక్కడో ఒక పాత ఇంట్లో మేడ మీది పెట్టె తెరిచినప్పుడు ఒక వాసన తగిలి ఆమె ఒక్క క్షణం ఆగితే చాలు.

పోయిన వారం పుస్తకాల అర సర్దుతుంటే మా అమ్మాయి ఆ ముప్ఫై పుస్తకాలూ కింది అరలోకి మార్చింది. ఇచ్చేద్దామా అని అడిగాను. ఒక్కటి తీసి పక్కన పెట్టుకుంది, వదిన తెచ్చిన 1930 పాఠం. "ఇది ఉంచు, ఇందులో అమ్మాయి నాకు తెలుసు" అంది. మిగతావి ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. మీ జవాబు వచ్చాక ఇద్దామని ఆగాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఒక పాఠకురాలి తల్లి
హైదరాబాద్